నూతనేంధన వాహనములు: రాజశాసనములు, రాయితీలు

(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేయబడిన ఉపన్యాసము)

  

వాహనములను గూర్చియు, వాని ఇంధనములను గూర్చియు, తత్సంబంధములైన శాసనములను గూర్చియు ఈ సభయందు కొంత ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటను గూర్చియు పెద్దలు నిన్న గంభీరముగ ఉపన్యసించిరి. వారు మాట్లాడిన వేదికమీద నేను పెట్రోలు, గ్యాసు, బ్యాటరీ అనుచు వచ్చి నిలుచుట కొందఱికి వింతగ తోచవచ్చును. కాని వసతిగృహమునకు వచ్చు చందా యెక్కడినుండి వచ్చుచున్నది? మనలో ననేకులు ఆటో నడిపియు, లారీ తోలియు, పాలవ్యాను, సరకుల బండి అద్దెకు త్రిప్పియు సంసారములు గడుపుకొనుచున్నారు. చక్రము తిరిగిననే వారి పొయ్యి వెలుగును. ఆ చక్రమును త్రిప్పు ఇంధనము మాఱుచున్నది. ఇంధనముతోపాటు చట్టము మాఱుచున్నది. చట్టము తెలిసినవానికి పన్ను తగ్గుచున్నది. తెలియనివానికి జరిమానా పడుచున్నది. కాబట్టి ఈ విషయము మన మహాసభకు పరాయిది కాదని మనవి చేయుచున్నాను.

ప్రత్యామ్నాయేంధనము కొత్తది కాదు

పెట్రోలు, డీజెలు కాక మఱియొక వస్తువుతో నడచు బండిని ప్రత్యామ్నాయేంధన వాహన మందురు. ఇది మన దేశమునకు నేడు వచ్చిన వింత కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941లో పెట్రోలునకు రేషను విధింపబడగా, బస్సుల వెనుక కొలిమివంటి యంత్రమును కట్టి, బొగ్గును మండించి, అందుండి పుట్టిన వాయువుతో బండ్లను నడపిరి. దారిలో బస్సు నాగిన ప్రతిచోటను బొగ్గు వేయుచు, చక్రము త్రిప్పుచు శ్రమపడిన కథలు వృద్ధుల నోట మనలో చాలమంది వినియుందురు. యుద్ధము ముగిసెను, పెట్రోలు వచ్చెను, బొగ్గుబస్సు పోయెను. దీనినుండి తెలియవలసినదొకటి కలదు. ఇంధనము మంచిదైనంత మాత్రమున నిలువదు. అది దొరకవలెను, గిట్టవలెను, ప్రభుత్వము దానికి దారి యియ్యవలెను.

నేడు వాడుకలోనున్న ప్రత్యామ్నాయేంధనములలో మూడింటిని ముఖ్యముగ చెప్పవచ్చును. మొదటిది ప్రోపేను. దీనిని 1910లో అమెరికాలో వాల్టరు స్నెల్లింగు అను రసాయనశాస్త్రజ్ఞుడు గుర్తించెను. మన దేశమున దీనిని బ్యూటేనుతో కలిపి ఎల్.పి.జి. అనుచున్నాము. మన వంటింటి సిలిండరులో నున్నది ఇదియే. బండ్లకు వాడునపుడు దానిని ఆటో గ్యాసు అందురు. కొద్దిపాటి ఒత్తిడికే ఇది ద్రవమగును. లీటరుకు లీటరు చూచినచో పెట్రోలుకంటె సుమారు నాల్గవవంతు తక్కువ శక్తి నిచ్చును; కాని శుభ్రముగ మండును. ఇది గాలికంటె బరువైనది; కావున కారినచో నేలమీద ప్రాకి పల్లమున నిలుచును. రెండవది సి.ఎన్.జి. ఇది ప్రధానముగ మీథేను, గాలికంటె తేలికయైనది, కావున కారినచో పైకి పోవును. కాని దీనిని బండిలో నింపుటకు సుమారు 200 బార్ల ఒత్తిడి కావలెను. అందుచే దీని సిలిండరు మిక్కిలి దృఢముగ నుండవలెను. మూడవది బ్యాటరీలో నిలువచేసిన విద్యుత్తు. ఈ మూడింటికిని గుణములు వేఱు, అపాయములు వేఱు, చట్టములును వేఱు.

ప్రభుత్వము చేతిలోని మూడు సాధనములు

పట్టణములలో పొగ చేత ప్రజల ఊపిరితిత్తులు చెడుచున్నవి. చమురు కొఱకు విదేశములకు ధనము పోవుచున్నది. ఈ రెండు కారణములచేత ప్రభుత్వములు ఇంధనముల విషయమున జోక్యము కలిగించుకొనుచున్నవి. అట్లు జోక్యము కలిగించుకొనుటకు వానికి మూడు సాధనములున్నవి: ఆజ్ఞ, అనుజ్ఞ, ఆశ. ‘ఇట్లే చేయుము’ అనుట ఆజ్ఞ. ‘ఈ నియమములతో చేయవచ్చును’ అనుట అనుజ్ఞ. ‘చేసినచో పన్ను తగ్గింతును’ అనుట ఆశ. ఏ రాష్ట్రమున ఏ చట్టమును చూచినను ఈ మూడింటిలో నొకటిగ నుండును. మన కెదురైన చట్టము వీనిలో నేదియో తెలిసికొన్నచో సగము పని యైనట్లే.

అమెరికా రాష్ట్రముల అనుభవము

ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రములు మనకంటె ముందుగ ప్రయోగములు చేసినవి. మన బంధువులనేకులు డల్లాసు, హూస్టను మొదలగు నగరములందు స్థిరపడియున్నారు గనుక వారికిని ఇది ఉపయోగింపగలదు. 1992లో అచ్చటి కేంద్రప్రభుత్వము శక్తి విధాన చట్టము నొకదానిని చేసి, ప్రోపేనును, సహజవాయువును, విద్యుత్తును, హైడ్రోజనును ప్రత్యామ్నాయేంధనములుగ పేర్కొనెను. రాష్ట్రప్రభుత్వములు తమ కచేరీల కొఱకు కొను చిన్నబండ్లలో నూటికి 75 ఇట్టివై యుండవలెనని నియమము ఏర్పడెను. ఇది ఆజ్ఞ. పిమ్మట రాష్ట్రములు తమతమ రాయితీలను ప్రకటించినవి. టెక్సాసు రాష్ట్రము 2001లో పొగ తగ్గింపు పథకమును స్థాపించెను. ఆ రాష్ట్రమున ప్రోపేను వ్యవహారమును పరిపాలించు సంస్థ పేరు రైల్‌రోడ్ కమిషను. రైళ్లమీది దాని అధికారము 2005లోనే ముగిసినను పేరు మాత్రము మాఱలేదు.

ఆశ చూపుటలో పొరపాటు జరిగినచో ఏమగునో అరిజోనా రాష్ట్రము లోకమునకు తెలిపెను. 2000 సంవత్సరమున ఆ రాష్ట్ర శాసనసభ ప్రత్యామ్నాయేంధన వాహనము కొన్నవారికి బండి వెలలో నూటికి 30 మొదలు 50 వఱకు తిరిగి యిచ్చునట్లు చట్టము చేసెను. దీనికి కోటి డాలర్లకు మించి వ్యయము కాదని తలచిరి. కాని చట్టములో నొక సందు మిగిలిపోయెను. పెట్రోలుతోను గ్యాసుతోను నడచు బండికి గూడ రాయితీ గలదు. అది గ్యాసుతో ఎంత దూరము నడువవలెనో చెప్పబడలేదు. ధనికులు పెద్దపెద్ద విలాసవాహనములను కొని, వానికి చిన్న ప్రోపేను తొట్టి నొకదానిని తగిలించి, వేలకొలది డాలర్లు పుచ్చుకొని, యథాప్రకారము పెట్రోలుతోనే తిరుగజొచ్చిరి. కొన్ని నెలలలో వ్యయపు అంచనా 50 కోట్ల డాలర్లు దాటెను. ప్రభుత్వము దిగ్భ్రమ చెంది, ప్రత్యేక సమావేశము జరిపి, ఆ చట్టమును బిగించెను. దానికి ముఖ్యప్రతిపాదకుడైన శాసనసభ స్పీకరు జెఫ్ గ్రాస్కాస్టు ఆ నవంబరు ఎన్నికలలో ఓడిపోయెను. రాయితీ నమ్మి బండ్లకు ముందుగ సొమ్ము కట్టినవారును కలత చెందిరి.

ఇంకొక పాఠమును గలదు. ఆశ శాశ్వతము కాదు. అమెరికాలో వాహనములకు వాడు ప్రోపేను గ్యాలను ఒక్కింటికి 50 సెంట్ల కేంద్ర రాయితీ యుండెడిది. అది 2024 డిసెంబరు 31తో ముగిసెను. విద్యుద్వాహనము కొన్నవారికి 7,500 డాలర్ల వఱకు నుండిన ఆదాయపు పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసెను. టెక్సాసులోనైతే 2023 సెప్టెంబరు నుండి విద్యుద్వాహనముల వారు ఏటేట 200 డాలర్లు అదనముగ చెల్లింపవలసివచ్చెను. కొత్తబండికి మొదట రెండేండ్లకు కలిపి 400 డాలర్లు. పెట్రోలు కొననివాడు పెట్రోలు పన్ను కట్టడు. రోడ్డు బాగుచేయుటకు సొమ్మెక్కడిదని అచ్చటి ప్రభుత్వపు వాదము. రాయితీ యిచ్చిన చేతితోనే ప్రభుత్వము పన్నును వేయగలదని దీనివలన గ్రహింపవలెను. రాయితీని నమ్మి లెక్క వేయువాడు, రాయితీ లేకున్నను బండి గిట్టునా అని గూడ లెక్క వేయవలెను.

మన దేశమున

మన దేశమున మొదట పనిచేసినది ఆజ్ఞయే. ఢిల్లీ నగరపు గాలి చెడిపోవుచున్నదని న్యాయవాది ఎం.సి. మెహతా తెచ్చిన వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1998 జులై 28న ఆ నగరపు బస్సులన్నియు సి.ఎన్.జి.కి మాఱవలెనని ఆదేశించెను. 2001 మార్చి వఱకు గడువిచ్చెను. గ్యాసు చాలక, బంకులు చాలక, బండ్లవారు రాత్రులు రాత్రులు వరుసలలో నిలిచిరి. గడువు పొడిగింపబడెను. 2002 సంవత్సరాంతమునకు ఆ కార్యము నెరవేఱెను. నగరపు ఊపిరికి మేలు జరిగినమాట నిజమే. కాని బంకులు లేకుండ ఆజ్ఞ మాత్రమే ముందుగ వచ్చినచో, దాని భారమంతయు రోడ్డుమీది డ్రైవరుమీద పడుననుటకు కూడ ఢిల్లీయే సాక్ష్యము.

ప్రోపేను విషయమున మన దేశమున వచ్చినది అనుజ్ఞ. 2000 సంవత్సరమునకు ముందు మోటారు బండిలో ఎల్.పి.జి. వాడుట చట్టసమ్మతము కాదు. ఆ యేడు ఏప్రిల్ 24 మొదలు అది అనుమతింపబడెను. 2001లో నిత్యావసర వస్తువుల చట్టము క్రింద, మోటారు వాహనములందు ఎల్.పి.జి. వాడుకను క్రమపఱచు ఉత్తర్వు వెలువడెను. దాని సారమును మూడు మాటలలో చెప్పెదను. బండిలో శాశ్వతముగ అమర్చిన, ప్రమాణబద్ధమైన తొట్టిలోనే గ్యాసు నింపవలెను. అనుమతి పొందిన ఆటో గ్యాసు బంకునందే నింపించుకొనవలెను. వంటింటి సిలిండరు నుండి బండికి గ్యాసు ఎక్కింపరాదు. దీని నతిక్రమించినవానికి నిత్యావసర వస్తువుల చట్టము ప్రకారము మూడు నెలలు మొదలు ఏడేండ్ల వఱకు కారాగారశిక్ష పడవచ్చును.

పాతబండికి గ్యాసు కిట్టు బిగించుకొనదలచువారు 1988 మోటారు వాహనముల చట్టమునందలి 52వ విభాగమును తెలిసికొనవలెను. ఆ కిట్టు ఆమోదము పొందినదై యుండవలెను. ఆ ఆమోదము ఆ జాతి బండికి వర్తింపవలెను. బిగించువాడు అధికారము గలవాడై యుండవలెను. బిగించిన పదునాలుగు దినములలోపల రవాణా శాఖ కచేరీకి తెలియజేసి, రిజిస్ట్రేషను పత్రమున ఇంధనపు మార్పును వ్రాయించుకొనవలెను. 2022 ఆగస్టులో వెలువడిన ప్రకటన ననుసరించి మూడున్నర టన్నులకు తక్కువైన బి.ఎస్. ఆరు తరగతి పెట్రోలు బండ్లకు గూడ సి.ఎన్.జి., ఎల్.పి.జి. కిట్లను బిగించుటకు వీలు కలిగెను. అనుమతి లేకుండ మార్పు చేసిన యజమానికి 2019 సవరణ ప్రకారము ఆరు నెలల వఱకు కారాగారముగాని, మార్పునకు అయిదువేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

సోదరులారా! శిక్షకంటె ఘోరమైనది వేఱొకటి యున్నది. రిజిస్ట్రేషను పత్రమున పెట్రోలు అనియుండి, బండిలో గ్యాసు తొట్టి యున్నదనుకొందము. ప్రమాదము జరిగినపుడు బీమా సంస్థవారు మొదట చూచునది ఆ పత్రమునే. పరిహారమునకు అచ్చటనే ఆటంకము కలుగును. భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు, పిల్లలను వెంటబెట్టుకొని, కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. కొన్ని వందల రూపాయల రుసుమునకు వెనుదీసి, ఒక గీత వ్రాయించుకొననందున వచ్చిన ఆపద యిది.

ఇట్లే వంటింటి సిలిండరు తలక్రిందులు చేసి, ఇరుకుసందులలో బండ్లకు గ్యాసు ఎక్కించు దురాచారము మన పట్టణములలో ఇంకను కొన్నిచోట్ల కనుపించుచున్నది. ఈ వాయువు గాలికంటె బరువైనదని మొదట చెప్పితిని. ఆ సందులో కారిన గ్యాసు పైకి పోదు. గడపక్రిందను, మురుగుకాల్వలోను కూర్చుండును. పక్కయింట అగ్గిపుల్ల గీచినను చాలును. ఆటో గ్యాసు తొట్టిని నూటికి 80 పాళ్లకు మించి నింపరాదు. ఆ పరిమాణమునకు తనంతట నాపివేయు పరికరము దానిలో నుండును. ఎండలో ద్రవము వ్యాకోచించునపుడు చోటు కావలెనని ఆ యేర్పాటు. వంటింటి సిలిండరును బండిలో పెట్టుకొన్నవానికి ఆ రక్షణ యేదియు లేదు. కొద్దిపాటి లాభము కొఱకు వాడంతటిని వత్తిమీద నిలుపువాడు ధర్మము తప్పినవాడు. అట్టివానికి మన సంఘమున ఆశ్రయ మీయగూడదు.

విద్యుద్వాహనములు

ఇక ఆశను గూర్చి. మన ప్రభుత్వములు నేడు గ్యాసుబండికంటె విద్యుద్వాహనమునకే యెక్కువ రాయితీలు చూపుచున్నవి. 2015లో మొదటి కేంద్ర ప్రోత్సాహక పథకము ప్రారంభమయ్యెను. 2019 ఏప్రిల్ మొదలు 2024 మార్చి వఱకు రెండవది నడచెను. 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయలతో పి.ఎం. ఇ-డ్రైవ్ అను పథకము వచ్చెను. అందు ద్విచక్రవాహనములకు బ్యాటరీ శక్తి కిలోవాటుగంట ఒక్కింటికి మొదటి సంవత్సరమున 5,000 రూపాయలు, రెండవ సంవత్సరమున 2,500 రూపాయలు. ఏటేట తగ్గించుచు పోవుటయే దాని పద్ధతి. 2019 ఆగస్టు 1న విద్యుద్వాహనములమీది జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గింపబడెను. 2021 ఆగస్టులో వాని రిజిస్ట్రేషను పత్రపు రుసుము తొలగింపబడెను. 2022 జూన్ మొదలు మూడవపక్షపు బీమా రుసుమున నూటికి 15 తగ్గింపబడెను. ఈ బండ్లకు ఆకుపచ్చ పలక యుండుట మీరందఱు చూచుచున్నదే: సొంతబండికి తెల్లని అక్షరములు, అద్దెబండికి పసుపుపచ్చని అక్షరములు.

గ్యాసుబండికి మేలు ఆలస్యముగ కలిగెను. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మార్పులలో చిన్న పెట్రోలు, ఎల్.పి.జి., సి.ఎన్.జి. కార్లమీదను, మూడుచక్రముల బండ్లమీదను పన్ను నూటికి 28 నుండి 18కి దిగెను. విద్యుద్వాహనమునకు 5 యథాతథముగ నిలిచెను. అయినను 18కిని 5కును గల అంతరము కొద్దిది కాదు.

రాష్ట్రముల సంగతి వినుడు. తెలంగాణ ప్రభుత్వము 2020 అక్టోబరులో తన విద్యుద్వాహన విధానమును ప్రకటించెను. ద్విచక్రములలో మొదటి రెండు లక్షలకును, ఆటోలలో మొదటి ఇరువదివేలకును రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగ మినహాయించెను. 2024 నవంబరు 18న ఆ సంఖ్యాపరిమితిని తీసివేసి, 2026 డిసెంబరు 31 వఱకు మినహాయింపును పొడిగించెను. 2025లో హైదరాబాదు వెలుపలి వలయరహదారి లోపల 65,000 కొత్త ఆటోలకు అనుమతి నిచ్చెను. అందు విద్యుత్తు ఆటోలు 20,000, ఎల్.పి.జి.వి 10,000, సి.ఎన్.జి.వి 10,000, పాతబండికి విద్యుత్తు యంత్రమును బిగించి మార్చునవి 25,000. పెట్రోలు, డీజెలు ఆటోలకు వానిలో చోటు లేదు. ఆజ్ఞ, అనుజ్ఞ, ఆశ మూడును ఈ ఒక్క ఉత్తర్వుచుట్టు అల్లుకొనియున్నవి.

ఆంధ్రప్రదేశమున 2018లో నొక విద్యుద్వాహన విధానము, 2024 డిసెంబరులో 2029 వఱకు వర్తించు మఱియొక విధానము వెలువడినవి. 2022 సెప్టెంబరులో తిరుమల కొండదారిని విద్యుత్తు బస్సులు ఎక్కసాగెను. గ్యాసు విషయమున ఆంధ్రదేశమునకు సహజమైన యోగ్యత గలదు. కృష్ణా గోదావరీ తీరముల భూగర్భమున సహజవాయువు దొరకుచున్నది. విశాఖపట్టణమున సముద్రమట్టమునకు చాల క్రింద రాతిని తొలిచి, 60,000 టన్నుల ఎల్.పి.జి. నిలువచేయు గుహను 2007లో సిద్ధపఱచిరి. అయినను మన దేశము వాడు ఎల్.పి.జి.లో సగమునకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. కావున ఆటో గ్యాసు వెల మన చేతిలో లేదు. కొనువాడు దీనిని మఱవరాదు.

బ్యాటరీ బండికిని అపాయము లేదనుకొనరాదు. 2022 వేసవిలో విజయవాడ, నిజామాబాదులందు ఇండ్లలోనే బ్యాటరీలు ప్రేలి ప్రాణనష్టము కలిగెను. పిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీ ప్రమాణములను కఠినపఱచి, 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల నుండి రెండు అంచెలుగ అమలుపఱచెను. కొనునపుడు ఆ ప్రమాణమునకు లోబడిన బండియా యని అడుగవలెను. నిద్రించు గదిలో రాత్రి బ్యాటరీకి విద్యుత్తు ఎక్కింపరాదు.

రాయితీ ఎవరికి చేరుచున్నది?

దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని మన సామెత. రోడ్డు పన్ను మినహాయింపు బండి కొన్నవానికే గాని కొనలేనివానికి కాదు. విద్యుత్తు ఆటోకు మొదట పెట్టవలసిన సొమ్ము ఎక్కువ. నడుపుటకు ఖర్చు తక్కువ. చేత ధనమున్నవానికి ఇది లాభసాటి. దినమున సంపాదించి దినమున తినువానికి అప్పు కావలెను. బ్యాంకు అప్పు దొరకనిచో అధికవడ్డీకి ఇచ్చువాని యొద్దకు పోవలెను. అప్పుడు ప్రభుత్వము తగ్గించిన పన్నంతయు వడ్డీరూపమున మఱియొకని పెట్టెలోనికి పోవును. పర్మిటు డ్రైవరు పేర నుండి, బండి మాత్రము అప్పిచ్చినవాని చేతిలో నుండుట కొత్త సంగతి కాదు. చట్టము పేదవానికొఱకు తెఱచిన ద్వారమున ధనికుడు ముందుగ ప్రవేశించుట అరిజోనాలోనే కాదు, ఎచ్చటనైనను జరుగగలదు.

కొందఱు పెద్దలు, “ఇది ప్రభుత్వపు పని, కులసంఘమున కేమి సంబంధము?” అందురు. ప్రభుత్వపు పని యని నేనును ఒప్పుకొందును. కాని ఉత్తర్వు ఒకటి, దానిని చదివి చెప్పువాడొకడు. మన సంఘము వసతిగృహము కట్టించినపుడు గూడ విద్య ప్రభుత్వపు పనియే. అయినను మన పిల్లవాడు పట్టణమున తలదాచుకొనుటకు చోటు మనమే చూపితిమి. ఇదియు నట్టిదే. మఱియు ఈ మేలు మనవారికే చాలునని నేను చెప్పబోను. గ్యాసు కారినపుడు కులము చూచి కారదు. పొగ కులము చూచి ఊపిరిలో దూరదు. మనము పెట్టు సలహాకేంద్రము తలుపు ఏ డ్రైవరు వచ్చినను తెఱచియుండవలెను.

మఱికొందఱు, “రాయితీల కొఱకు చేయిచాచుట పౌరుషము కాదు” అందురు. పన్ను కట్టునపుడు చేయిచాచనివారు, చట్టమిచ్చిన మినహాయింపును కోరుట బిచ్చమెత్తుట యెట్లగును? అడుగనిదే అమ్మయైనను పెట్టదు. చట్టప్రకారము అడిగినది హక్కు. చట్టమును మోసగించి పుచ్చుకొన్నది దొంగతనము. ఈ భేదమును మనవారు ఎఱిగిన చాలును.

బండి కొనువారికి అయిదు ప్రశ్నలు

ఈ ఉపన్యాసమున నేను చెప్పినదంతయు మఱచినను, ఈ అయిదింటిని మాత్రము జ్ఞాపకముంచుకొనుడని ప్రార్థించుచున్నాను. మొదటిది: నేను దినదినము తిరుగు దారిలో ఆ గ్యాసు బంకుగాని, చార్జింగు స్థలముగాని ఉన్నదా? ఎంత సేపు వరుసలో నిలువవలెను? నిలిచిన గంట సంపాదన లేని గంట. రెండవది: రాయితీ ఏ తేది వఱకు? బండి నాకు చేతికి వచ్చునప్పటికి అది యుండునా? తేది ముఖ్యముగాని అమ్మువాని మాట ముఖ్యము కాదు. మూడవది: రాయితీని తీసివేసి లెక్కించినను, వడ్డీని కలిపి లెక్కించినను, బండి గిట్టునా? నాల్గవది: కిట్టునకు, సిలిండరునకు, బ్యాటరీకి ప్రమాణపత్రము గలదా? సి.ఎన్.జి. సిలిండరునకు మూడేండ్ల కొకసారి పరీక్ష తప్పదు. ఆ ఖర్చు లెక్కలోనికి వచ్చినదా? బ్యాటరీ పోయినచో కొత్తదాని వెల యెంత? అయిదవది: రిజిస్ట్రేషను పత్రమునందును, బీమా పత్రమునందును ఇంధనము సరిగ వ్రాయబడినదా? పర్మిటు, పత్రములు నా పేర, నా చేతిలో నున్నవా?

సంఘమునకు మనవి

ఇట్లు చెప్పి ఊరకుండుట వేదికకు శోభ గాని డ్రైవరునకు లాభము కాదు. కాబట్టి కార్యవర్గమువారికి నాలుగు సూచనలు సమర్పించుచున్నాను. జిల్లా శాఖ లన్నింటియందును వాహన శాసనములు తెలిసిన ఒకరిద్దఱిని నియమించి, వారమున కొకనాడు సాయంకాలము కూర్చుండునట్లు ఏర్పాటు చేయవలెను. విశ్రాంతి తీసికొన్న ఉద్యోగులు మనలో కొందఱున్నారు. వారికి ఇంతకంటె పుణ్యకార్యము దొరకదు. రెండవది: కొత్త ఉత్తర్వు వెలువడినప్పుడెల్ల దానిని సరళమైన తెనుగున ఒక పుటలో ముద్రించి, ఆటో నిలయములందు పంచవలెను. మూడవది: సంఘ సహాయనిధిలో కొంతభాగమును విడిగ ఉంచి, నిజముగ తన చేత బండి నడుపువానికి బ్యాంకు అప్పునకు మొదట కట్టవలసిన సొమ్ములో కొంత వడ్డీలేని బదులుగ ఇయ్యవలెను. బండి అతని పేరను, అతని భార్య పేరను నుండవలెనని షరతు పెట్టవలెను. నాల్గవది: విద్యుద్వాహనము మరమ్మతు నేర్చిన మెకానిక్కులు రానురాను ఎక్కువగ కావలసియుండును. మన విద్యార్థివేతనములలో కొన్నిటిని ఐ.టి.ఐ.లో ఆ పని నేర్చు బాలబాలికలకు ప్రత్యేకింపవలెను. కొలువునకు పోవు చదువునకే గౌరవము, చేతిపని చదువునకు లేదనుట మనలో నున్న పాత జబ్బు, అది వదలవలెను.

పోషకులారా! మీరు ఈ సంచిక నచ్చొత్తించుటకును, ఈ పందిరి వేయించుటకును ఉదారముగ ధనమిచ్చితిరి. మీలో పెట్రోలు బంకులు, లారీ కంపెనీలు, బండ్ల దుకాణములు గలవారున్నారు. మీయొద్ద పనిచేయు డ్రైవరు, మీయొద్ద బండి కొను డ్రైవరు, మీ మాటను నమ్మును. రాయితీ ముగియబోవు తేదిని దాచి బండి నమ్మకుడు. ఆమోదము లేని కిట్టును మీ గడపలోనికి రానీయకుడు. చందాకంటె గొప్పదానము ఇదియే.

శాసనములు మాఱుచుండును, రాయితీలు వచ్చుచు పోవుచుండును. తెలంగాణమున ప్రకటింపబడిన మినహాయింపునకు 2026 డిసెంబరు 31 గడువు. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. ఈ మహాసభ నుండి మీ గ్రామములకు, పట్టణములకు తిరిగి పోవునపుడు, మిమ్ము స్టేషను నుండి ఇంటికి చేర్చు ఆటోవానిని ఒక్కమాట అడుగుడు: “నాయనా, నీ బండి పత్రమున ఏ ఇంధనము వ్రాసియున్నది?” అతడు తెలియదన్నచో, మన సంఘమునకు పని యచ్చటనే ప్రారంభమగును.